అమ్మమ్మ ఇనప పెనం: ఎక్కడా కొనలేని వస్తువుకి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది ఏ యాప్‌లోనూ దొరకదు, కార్ట్‌లో వేసుకునే బటన్ కోసం వెతక్కండి. మరి రివ్యూ ఎందుకంటే, మీలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటిదొకటి పాత పేపర్లో చుట్టి అటక మీద పడుంటుంది, దింపుదామా వద్దా, వాడితే పాడైపోతుందేమో, అమ్మకి బాధేమో అని ఏళ్ళు గడిపేస్తుంటారు, వాళ్ళ కోసం. మాదీ అమ్మమ్మ పోయాక నాలుగేళ్ళు అలాగే పడుంది. మూడో నాన్‌స్టిక్ పెనం కూడా పెచ్చులూడిపోయిన రోజు చిరాకేసి దింపా.

పోత ఇనుముది, పది అంగుళాల వెడల్పు, కాడ కూడా అదే ఇనుముతో కలిపి పోసేసింది. వంటింటి కాటాలో పెడితే రెండు కిలోల మూడొందల గ్రాములు తూగింది. కంపెనీ పేరు గట్రా ఏం లేదు. వెనక్కి తిప్పి వేలితో తడిమితే సన్నటి గరుకు తగుల్తుంది, అది ఇసుక అచ్చు గుర్తు. ఇంగ్లండ్‌లో అబ్రహాం డార్బీ అనే ఆయన 1707లో ఇసుక అచ్చుల్లో ఇనప పాత్రలు పోసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు, ఇప్పుడు షాపులో దొరికే కొత్త పెనాలు కూడా ఇసుక అచ్చుల్లో పోసినవే. అసలు తేడా లోపల ఉంది. కొత్తవాటిలో చాలావాటికి లోపల కూడా ఆ ఇసుక గరుకు అలాగే వదిలేస్తున్నారు, దీనికి మాత్రం అద్దంలా నునుపు. పోసినప్పుడే నున్నగా చేశారో, అమ్మమ్మ అట్లకాడ గీకి గీకి అరగదీసిందో కానీ గుడ్డు కొట్టి వేస్తే అంచులు బిగుసుకోగానే పెనం కొంచెం వంచితే చాలు జారిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నేనే నమ్మలేదు, మళ్ళీ ఇంకో గుడ్డు కొట్టా.

అయితే దింపిన రోజే ఇలా లేదు. నడిమధ్య తుప్పు మచ్చలు, అంచుల్లో పొక్కులు. వెనిగరు, నీళ్ళు సమానంగా కలిపి అరగంట నానబెట్టి, స్టీల్ పీచుతో తోమితే తుప్పు వదిలింది. అరగంటే, రాత్రంతా వదిలేయకండి, తుప్పు అయిపోయాక అది ఇనుమునే తింటుంది. తర్వాత నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, ఎంత నూనె పూస్తే అంత మంచిదని దట్టంగా పట్టించి వేడి చేశా, అంతా బంక బంకగా అయ్యి వేలు పెడితే అతుక్కుపోయేది, మళ్ళీ మొదటికొచ్చింది వ్యవహారం. అసలు ఆ నల్లటి పూత మసీ కాదు జిడ్డూ కాదు, పల్చటి నూనె పొర బాగా వేడెక్కి గట్టిపడి ఇనుముకి అంటుకుపోవడం, కెమిస్ట్రీలో పాలిమరైజేషన్ అంటారు చూడండి, అది. కాబట్టి నూనె రాశాక పొడిగుడ్డతో మొత్తం తుడిచేయాలి, ఇంక ఏం మిగల్లేదు అనిపించేంతగా, ఆ మిగలనట్టు కనిపించేదే సరిపోతుంది. ఒవెన్‌లో బోర్లించి 230 డిగ్రీల్లో గంట, అలా మూడుసార్లు చేశా. ఇల్లంతా పొగ, మా ఆయన కిటికీలు తీస్తూ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

ఇప్పుడు మైనస్‌లు. ఇనుము వేడిని సమానంగా పంచుతుంది అని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఒకరోజు అనుమానం వచ్చి ఖాళీ పెనం మీద పిండి పల్చగా చల్లి చూశా, కింద మంట ఎలా ఉందో సరిగ్గా అదే రింగు ఆకారంలో పిండి ఎర్రబడింది, మధ్యలోనూ అంచుల్లోనూ తెల్లగానే ఉండిపోయింది. వేడిని పాకించడంలో అల్యూమినియం దీనికంటే నాలుగు రెట్లు నయం. కాకపోతే ఇది ఒకసారి వేడెక్కిందంటే పట్టుకుని వదలదు, చల్లటి చేపముక్క వేసినా చుర్రుమనడం ఆగదు. అందుకే సన్నమంట మీద ఏడెనిమిది నిమిషాలు ముందే పెట్టేస్తా. ఆఫీసుకి లేటయ్యే రోజు మాత్రం దీని జోలికి పోను.

సబ్బు తగలకూడదు అని అమ్మ ఇప్పటికీ ఫోన్‌లో బెదిరిస్తుంది. ఒకప్పటి సబ్బుల్లో ఘాటైన క్షారం ఉండేది, అది పూతని తినేసేది, ఆ భయం అప్పటికి కరెక్టే. ఇప్పటి డిష్‌వాష్ లిక్విడ్ రెండు చుక్కలేస్తే ఏమీ కాదు, నేను వారానికోసారి వేస్తూనే ఉన్నా (అమ్మకి చెప్పకండి). దీనికి అసలు శత్రువు తడి. ఇంటికొచ్చిన మా ఆడపడుచు పాపం సాయం చేద్దామని రాత్రి సింకులో నీళ్ళు పోసి నానబెట్టింది, పొద్దున్న చూస్తే నారింజ రంగు. నేనేమీ అనలేదు, మళ్ళీ కిటికీలు తీశాం.

పుల్లటివి ఇందులో ఎక్కువసేపు ఉడికించకూడదు. టమాటా ముక్కలు ఓ అరగంట ఉడికిస్తే పూత కొంత లేచిపోతుంది, వంటకి ఇనప రుచి వస్తుంది. ఆ ఇనుము మన ఒంట్లోకే వెళ్తుంది, అదేం చెడ్డ కాదులెండి, 1986లో అచ్చయిన ఒక పరీక్షలో ఇనప పాత్రలో వండిన యాపిల్ గుజ్జులో వంద గ్రాములకి ఐరన్ 0.35 మిల్లీగ్రాముల నుంచి 7.38కి పెరిగింది. ఒంట్లో ఐరన్ ఎక్కువయ్యే జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగి వాడండి.

దీంతోపాటే అమ్మమ్మ ఇత్తడి గిన్నె కూడా దింపా, దాని కథ వేరే. లోపల కళాయి తెల్లగా బాగానే ఉంది కదా అని ఖాళీ గిన్నె పెద్దమంట మీద పెట్టి ఫోన్ మాట్లాడుతూ ఉండిపోయా. తిరిగి చూస్తే అడుగున వెండి చుక్కల్లా పూసలు కట్టి దొర్లుతున్నాయి! కళాయి అంటే తగరమే కదా, అది 232 డిగ్రీలకే కరిగిపోతుందని అప్పుడు తెలిసింది. మళ్ళీ కళాయి పూయించేదాకా అందులో పుల్లటివేవీ వండేది లేదు. ఇంకో మాట, పాత పెనం చుట్టాల దగ్గర్నుంచి కాకుండా ఎక్కడో సెకండ్ హ్యాండ్‌లో దొరికితే కొంచెం చూసుకోండి, కొందరు ఇలాంటివాటిలో సీసం కరగబెట్టేవాళ్ళు, అది ఎంత తోమినా నమ్మడానికి లేదు.

అట్లకాడ గురించి చెప్పకపోతే రివ్యూ పూర్తికాదు. దాని అంచు ఒక పక్కకే ఏటవాలుగా అరిగిపోయింది. అమ్మమ్మది ఎడమచేతి వాటం. నేను కుడిచేత్తో పట్టుకుంటే పెనానికి ఆనదు, ఒక మూల లేచి ఉంటుంది, ఆమ్లెట్ సగమే వస్తుంది. ఎడమచేత్తో పట్టుకుంటే చక్కగా ఆనుతుంది కానీ నాకు తిప్పడం రాదు. కొత్తది కొన్నా. పాతది పెనం పక్కన మేకుకి వేలాడుతోంది, వాడటానికి మాత్రం సున్నా స్టార్లు.

పెనానికి అయిదుకి నాలుగు. ఆ ఒక్కటి కాడకి కోశా. అదీ ఇనుమే కాబట్టి వంట సగం అయ్యేసరికి కాడ కూడా చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, చూడ్డానికి మాత్రం ఏమీ ఎరగనట్టు నల్లగా ఉంటుంది. మసిగుడ్డ లేకుండా ముట్టుకోకూడదని వంటింట్లోకి వచ్చే ప్రతివాళ్ళకీ చెప్తా. నిన్న నేనే మర్చిపోయా, ఇదంతా ఎడమచేత్తో టైప్ చేస్తున్నా.