అగ్నిపర్వత నేల కింద ఏముందో తెలియాలంటే ఏది మేలు: సీస్మిక్ సర్వేనా, గ్రావిటీ సర్వేనా?

కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర నిలబడి తూర్పుకు చూస్తే కనిపించేది సముద్రమే. కానీ అక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, 85 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంబడి, బంగాళాఖాతం అడుగున కిలోమీటర్ల మందాన మేటవేసిన ఒండ్రు కింద ఒక పెద్ద గట్టు పూడిపోయి ఉంది. అది అగ్నిపర్వత శిలలతో ఏర్పడిందని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మహానది తీరానికి ఎదురుగా మొదలై, భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న అఫనాసీ నికితిన్ సముద్రగర్భ పర్వతం వరకు సాగే ఈ గట్టును 85 డిగ్రీల తూర్పు రిడ్జి అంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి భూభౌతిక శాస్త్రం చదువుతున్న పిల్లలు ప్రాజెక్టుకు ఏ పద్ధతి ఎంచుకోవాలని అడిగినప్పుడు నేను ముందుగా చెప్పేది ఈ గట్టు సంగతే. ఎందుకంటే ఈ రెండు సర్వేల బలమూ బలహీనతా ఇక్కడ కనిపించినంత స్పష్టంగా మన దగ్గరలో మరెక్కడా కనిపించవు.

గ్రావిటీ సర్వే కొలిచేది కింద ఉన్న రాళ్ల బరువును. గ్రావిమీటరులో సన్నని స్ప్రింగుకు వేలాడే చిన్న బరువు ఉంటుంది. అడుగున సాంద్రత ఎక్కువైన రాయి ఉంటే అది కొద్దిగా ఎక్కువ లాగుతుంది. గురుత్వాన్ని కొలిచే చిన్న ప్రమాణమైన మిల్లీగాల్స్‌లో చూస్తే భూమి గురుత్వం మొత్తం దాదాపు 9,80,000 కాగా, మనం వెతికే తేడా కొన్ని మిల్లీగాల్స్ నుంచి కొన్ని పదుల మిల్లీగాల్స్ వరకే ఉంటుంది. అందువల్ల ఈ పనిలో ఓర్పే సగం పరికరం. విద్యార్థిగా ఉన్నప్పుడు చీపురుపల్లి దగ్గర మాంగనీసు గనుల పక్కన మేము రీడింగులు తీసుకున్నాం. పళ్లెం లాంటి స్టాండును నేలకు అదిమి, మూడు మరలూ తిప్పి, బుడగలను గీతల మధ్యకు తెచ్చి, ఊపిరి బిగబట్టి చూస్తుండగా రోడ్డు మీద ఖనిజం లారీ వెళ్లిందంటే లోపలి గీత వణికిపోయేది. అది కుదుటపడేదాకా ఆగి మళ్లీ చూడవలసి వచ్చేది. ఆ రోజుల్లో ఒక స్టేషన్ ఎత్తును నేను పుస్తకంలో ఒక మీటరు ఎక్కువ రాశాను. ఎత్తుకు చేసే సవరణల్లో మీటరుకు సుమారు 0.2 మిల్లీగాల్ వస్తుంది కనుక, మ్యాపులో అక్కడ లేని బరువైన రాయి ఒకటి పుట్టుకొచ్చింది. లెవెలింగు మళ్లీ చేసినప్పుడు గానీ అది పోలేదు. అప్పటి నుంచి ఎత్తు సరిచూడని గ్రావిటీ మ్యాపును నేను నమ్మలేదు.

అయితే ఎత్తు పొరపాటును దిద్దుకోవచ్చు. దిద్దలేని చిక్కు మరొకటి ఉంది. లోతులో ఉన్న పెద్ద రాయీ, పైపైన పలచగా పరచుకున్న రాతి పొరా ఒకే రకమైన అసంగతిని (ఉండవలసిన గురుత్వానికీ కొలిచిన గురుత్వానికీ తేడాను) చూపగలవు. అంకెలను ఎన్నిసార్లు తిప్పి లెక్కవేసినా ఆ రెండింటిలో ఏది నిజమో గ్రావిటీ ఒక్కటే చెప్పలేదు.

85 డిగ్రీల రిడ్జి దగ్గర జరిగింది ఇదే. ఒండ్రు కన్నా అగ్నిపర్వత శిల బరువు కనుక గట్టు మీద గురుత్వం పెరగాలి. దక్షిణ భాగంలో అలాగే పెరిగింది కూడా. మన తీరం ఎదుట మాత్రం తగ్గింది. గ్రావిటీ మ్యాపు ఒక్కటే చేతిలో ఉన్నవారు అక్కడ లోతైన గుంట ఉందని రాసి ఉండేవారు. నేలలోకి పంపిన తరంగాలు తిరిగి వచ్చే సమయాన్ని బట్టి అడుగు ఆకారాన్ని గీసే సీస్మిక్ రేఖలు మాత్రం ఒండ్రు పొరల కింద పైకి లేచిన గట్టునే చూపించాయి. ఎక్కువగా ఆమోదం పొందిన వివరణ ప్రకారం, గట్టు బరువుకు కింది పలక వంగి, తేలికైన భూపటలం దాని కింద ఉండే బరువైన ప్రావారంలోకి (మ్యాంటిల్‌లోకి) వేరులా దిగింది. పై నుంచి కప్పిన ఒండ్రు లోతులో నొక్కుకుపోయి గట్టిపడడంతో దానికీ గట్టుకూ సాంద్రతలో తేడా తగ్గింది. చివరికి గురుత్వంలో ఆ వేరు లోటే మిగిలింది. గట్టు తలను చూపింది సీస్మిక్, దాని కింద వేరు ఉండాలని పట్టు పట్టింది గ్రావిటీ.

సీస్మిక్ సర్వే కొలిచేది తరంగం ప్రయాణించిన సమయాన్ని. పేలుడు, ఎయిర్‌గన్ లేదా సహజమైన భూకంపం వల్ల పుట్టిన తరంగం గ్రానైటులో సెకనుకు 6 కిలోమీటర్ల చొప్పున, భూపటలం దాటి ప్రావారంలో చేరాక సుమారు 8 కిలోమీటర్ల చొప్పున పోతుంది. ఆ గెంతును క్రొయేషియాలో 1909లో వచ్చిన భూకంపం రికార్డుల్లో భూకంప శాస్త్రవేత్త మొహొరోవిచిచ్ పట్టుకున్నాడు. భూపటలానికీ ప్రావారానికీ మధ్య మనం మోహో అనే సరిహద్దు అదే. మన దేశంలో ఇంత లోతుకు వెళ్లే మొదటి సీస్మిక్ రేఖను హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) సోవియట్ సహకారంతో 1970ల్లో నెల్లూరు జిల్లా కావలి నుంచి ఉడుపి వరకు దాదాపు 600 కిలోమీటర్ల పొడవున వేసింది. తరువాత దక్కన్ లావా నేల మీద కోయనా ప్రాంతంలోనూ అలాంటి రేఖలు వేశారు. శిలాద్రవాన్ని వెతకడంలో కూడా సీస్మిక్‌దే పైచేయి, ఎందుకంటే కరిగిన భాగం ఉన్నచోట తరంగాల వేగం, ముఖ్యంగా ద్రవంలో ప్రయాణించలేని ఎస్ తరంగాల వేగం, పడిపోతుంది. అమెరికాలోని ఎల్లోస్టోన్ అగ్నిపర్వతం కింద భూపటలం అడుగు భాగంలో సుమారు 46,000 ఘన కిలోమీటర్ల వేడి రాతి నిల్వ ఉందని 2015లో తేలింది ఇలాగే. అందులో కరిగి ఉన్నది దాదాపు 2 శాతమేనన్న అంచనా కూడా ఆ వేగాల నుంచే వచ్చింది.

మరి సీస్మిక్ ఎక్కడ తడబడుతుంది? బసాల్టు కిందే. సౌరాష్ట్రలో లావా పొరల అడుగున మధ్యజీవ యుగపు అవక్షేపాలు ఉన్నాయి. బసాల్టులో తరంగం వేగంగా పోతుంది, కింది అవక్షేపంలో నెమ్మదిస్తుంది. నెమ్మదించిన తరంగం లోపలికి వంగుతుందే తప్ప ముందుగా పైకి చేరదు కనుక, తొలి రాకలను మాత్రమే చదివితే ఆ పొర లేనట్టే కనిపిస్తుంది. 2.9 సాంద్రత గల బసాల్టు కింద 2.4 సాంద్రత గల రాయి ఉంటే గ్రావిటీ లోటు ఆ సంగతి చెబుతుంది. కాబట్టి లావా కప్పిన నేల మీద సీస్మిక్ ఒక్కటే చాలనే వారితో నేను ఏకీభవించను.

కాలంతో వచ్చే మార్పు విషయంలో గ్రావిటీకి సాటి లేదు. ఇటలీలోని ఎట్నా అగ్నిపర్వతం మీద గ్రావిమీటర్లు నిరంతరం పనిచేయడానికి కారణం, నేల ఉబ్బినప్పుడు లోపల చేరింది బరువైన శిలాద్రవమా, తేలికైన వాయువా అన్నది బరువును బట్టే తేలడం.

ఖర్చు సంగతికి వస్తే, ఒక గ్రావిమీటరు, ఒక జీపు, ఇద్దరు మనుషులతో గ్రావిటీ పని నడుస్తుంది. సీస్మిక్‌కు పేలుడు అనుమతులు, నేల కంపనాన్ని పట్టే వందల జియోఫోన్లు, వాటిని నాటే మనుషులు కావాలి. పైగా మన ఉద్దానంలో కొబ్బరి చెట్లు గాలికి ఊగితే వేళ్ల ద్వారా నేల కదులుతుంది, సముద్రపు అలల హోరు ఎప్పుడూ ఉంటుంది, పొడి ఇసుకలో జియోఫోన్ కుదురుగా నిలవదు. తడి ఇసుక తగిలేదాకా తవ్వి నాటాలి.

భూపటలం మందమెంత, శిలాద్రవం ఎంత లోతున ఉంది అన్నదే ప్రశ్న అయితే, ఒక్కటే ఎంచుకోమంటే నేను సీస్మిక్‌నే ఎంచుకుంటాను. కానీ మన జిల్లాల విద్యార్థికి ఆ డబ్బు ఎక్కడిది? ఉపగ్రహాల నుంచి రాబట్టిన సముద్ర గురుత్వ డేటా ఉచితంగా దొరుకుతుంది. 85 డిగ్రీల రిడ్జిని అడ్డంగా కోసే ఒక గీత వెంట ఆ డేటా తీసుకుని, ప్రచురితమైన ఒక సీస్మిక్ రేఖ నుంచి గట్టు తల లోతును అందులో స్థిరంగా ఉంచి, వేరు లోతును మాత్రమే మారుస్తూ లెక్క కట్టమని వారికి చెబుతున్నాను.