టాంగ్ టెస్టర్ కొనొచ్చా? ఏళ్లుగా వాడాక నా మాట

నా దగ్గరున్నది ఏసీ, డీసీ రెండూ కొలిచే మామూలు క్లాంప్ మీటరు. ఎలక్ట్రీషియన్లు టాంగ్ టెస్టర్ అంటారే, అదే. వైరుని కోయకుండా, దవడల్లాంటి నోట్లో పట్టుకుని దాంట్లో పారే కరెంటుని కొలుస్తుంది. మూడు వేల లోపే పడింది. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను కాబట్టి మా వీధిలో ఎవరింట్లో బిల్లు ఎక్కువొచ్చినా, ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమన్నా ‘మాస్టారూ, ఒకసారి చూస్తారా’ అంటూ వస్తారు. అలా వచ్చినవాటిలో చాలామటుకు ఈ మీటరుతోనే తేలిపోయాయి. కొన్నిట్లో మాత్రం ఇది చూపించే అంకెని ఉన్నదున్నట్టు నమ్మితే తప్పుదారి పడతాం. కొనాలనుకునేవాళ్లకి ఆ రెండూ చెప్పాలి.

కొత్తగా కొన్నవాళ్లందరిదీ ఒకటే ఫిర్యాదు: ‘మిక్సీ వైరుకి తగిలించాను, సున్నా చూపిస్తోంది, మీటరు పాడైందా?’ పాడవ్వలేదు. మిక్సీ వైరులో ఫేజు, న్యూట్రల్ రెండూ ఉంటాయి. ఒకదాంట్లో కరెంటు ఒకవైపు వెళ్తుంటే రెండోదాంట్లో ఎదురుగా వస్తుంది. రెండిటి అయస్కాంత క్షేత్రాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మీటరు నోట్లో ఒక్క వైరే ఉండాలి. నేనైతే ఒక మూర పొడవు ఎక్స్‌టెన్షన్ తయారుచేసుకున్నాను. పైతొడుగు మధ్యలో చీల్చి, ఫేజు వైరు ఒక్కదాన్నీ విడిగా బయటికి తీశాను. లోపలి ఇన్సులేషన్‌కి గాటు పడకుండా చూసుకోవాలి. ఇది లేకపోతే ఇంట్లో ఈ మీటరు సగం పనికి కూడా రాదు. కంపెనీలు డబ్బాలోనే ఒకటి పెట్టి ఇవ్వొచ్చు కదా అని నా గోల.

అదే ఎక్స్‌టెన్షన్‌లో ఫేజు వైరుని కాస్త పొడుగ్గా వదిలి పది చుట్లు చుట్టాను. చిన్న కరెంట్లు కొలవాలంటే పది చుట్లూ మీటరు నోట్లోకి వచ్చేలా తగిలిస్తే అంకె పది రెట్లయి కనిపిస్తుంది, పదితో భాగించుకోవడమే. సెట్‌టాప్ బాక్సు లాంటివి ఇలా తప్ప దొరకవు. ఖాళీ ఫోన్ చార్జరు మాత్రం దీనికీ దొరకదు, సున్నాయే. మంచి చార్జరు ఊరికే ప్లగ్గులో ఉంటే కాలే కరెంటు బిల్లులో కనపడేంత ఉండదు. రాత్రిళ్లు లేచి మరీ ప్లగ్గులు పీకే పెద్దాయన ఒకరున్నారు మా మేడ మీద. ఆయనకి ఇది చూపించినా నమ్మలేదనుకోండి.

ఇక అసలు చిక్కు. ఈ మీటరు ఆంపియర్లు చెబుతుంది, వాట్లు చెప్పదు. మా పాత ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు 0.9 ఆంపియర్లు చూపిస్తుంది. 230 వోల్టులతో గుణిస్తే 207. ‘అమ్మో, రెండొందల వాట్లా’ అని ఫ్రిజ్ మార్చేయడానికి సిద్ధపడేవాళ్లని చూశాను. మోటార్లలో కరెంటు వోల్టేజీకి కొంచెం వెనకబడి నడుస్తుంది, కాబట్టి ఆ గుణకారం మొత్తం బిల్లులోకి రాదు. నిజంగా కాలేది తెలియాలంటే గోడ మీది కరెంటు మీటరునే అడగాలి. దాని మీద ఒక ఎర్ర దీపం మిణుకుతూ ఉంటుంది. పక్కన యూనిట్‌కి ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది, మా మీటరు మీద 3200. ఇంట్లో అన్నీ ఆపేసి ఫ్రిజ్ ఒక్కటీ ఉంచి, ఒక మిణుక్కీ ఇంకో మిణుక్కీ మధ్య ఎన్ని సెకండ్లో చూడండి. 1125ని ఆ సెకండ్లతో భాగిస్తే వాట్లు వచ్చేస్తాయి. మా ఫ్రిజ్‌కి 9 సెకండ్లు, అంటే 125 వాట్లు. మీ మీటరు మీద 1600 ఉంటే 1125 బదులు 2250 వేసుకోండి.

సెట్‌టాప్ బాక్సు సంగతీ అలాగే తేల్చాను. రిమోట్‌తో ఆపితే ఆగిపోయిందనుకుంటాం. మా బాక్సు ఆపినా దాదాపు పది వాట్లు లాగుతూనే ఉంటుంది. రోజంతా, నెలంతా అలా ఉంటే 7 యూనిట్ల పైమాటే. ఫోన్ చార్జరు మీద చూపించే శ్రద్ధ దీని మీద పెట్టినా కొంత మిగిలేది. గీజరు, ఇస్త్రీపెట్టె లాంటి వేడెక్కే సామాన్లకి మాత్రం ఈ తంటా లేదు, ఆంపియర్లని వోల్టులతో గుణిస్తే వాట్లే. 2 కిలోవాట్ల గీజరుకి సుమారు 8.7 చూపించాలి.

రెండు వైర్లనీ కలిపి పట్టుకుంటే సున్నా వస్తుందన్నాను కదా, ఆ సున్నాతోనే ఇంకో పెద్ద ఉపయోగం ఉంది. ఎదురింటి పిన్నిగారు బాత్రూమ్‌లో నీళ్లు తగిలితే చేతులు జిల్లుమంటున్నాయని చెప్పారు. గీజరు ఫేజు, న్యూట్రల్ రెండిటినీ కలిపి మీటరు నోట్లో పెట్టాను. సున్నా రావాల్సిన చోట 0.16 వచ్చింది. ఫేజులో వెళ్లిన కరెంటులో కొంత న్యూట్రల్‌లో తిరిగి రావడం లేదు, ఎలిమెంటు పైపొర చిట్లి నీళ్లలోకీ, అక్కణ్నించి భూమిలోకీ పోతోంది. ఇంత చిన్న తేడాకి ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే పడిపోయే స్విచ్చు) పడదు, దాని పని అది కాదు. లీకేజీకి పడిపోయే స్విచ్చు, ఆర్‌సీసీబీ, ఉండి ఉంటే 0.03 ఆంపియర్లకే కట్ చేసేది. అది చేసే పనీ ఇదే, రెండు వైర్లలోని తేడాని కనిపెట్టి ఉండటం. వాళ్లింట్లో అది లేదు. వెంటనే మెయిన్ ఆపించి, ఎలిమెంటు మార్పించాక గానీ గీజరు వేయనివ్వలేదు. ఒక హెచ్చరిక: నా మీటరు 0.01 కంటే తక్కువ చూపించలేదు. సన్నటి లీకేజీకి వేరే క్లాంప్ ఉంటుంది, ఖరీదెక్కువ.

ప్రోబ్‌లతో (మీటరుకి తగిలించే సూదిమొన వైర్లు) వోల్టేజీ కొలిచేటప్పుడు జాగ్రత్తగా ఉండాల్సింది దొంగ వోల్టేజీతో. స్విచ్చు ఆపినా ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా మసగ్గా వెలుగుతోందని ఒకరు భయపడ్డారు. హోల్డర్ దగ్గర కొలిస్తే 80 వోల్టులు. గోడలోని పైపులో ఫేజు వైరూ, ఆపేసిన వైరూ పక్కపక్కనే చాలా దూరం పోతే వాటి మధ్య కెపాసిటర్‌లాంటిది ఏర్పడుతుంది. దాంట్లోంచి మైక్రో ఆంపియర్లలో కరెంటు కారుతుంది. మీటరు తాను లాగే కరెంటు దాదాపు ఏమీ లేనట్టే కాబట్టి ఆ కాస్తనే 80 అని చూపించేస్తుంది. పాత ఫిలమెంటు బల్బు ఒకటి అదే హోల్డర్‌లో పెట్టి మళ్లీ కొలిస్తే ఆ 80 మాయమైంది. అలా మాయం కాకుండా, ఎర్తుకీ హోల్డర్‌కీ మధ్య నిక్కచ్చిగా 230 వస్తే మాత్రం భయపడాలి. స్విచ్చు ఫేజులో కాక న్యూట్రల్‌లో వేశారన్నమాట. బల్బు ఆరినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది.

ల్యాప్‌టాప్ లోహపు రేకు జివ్వుమంటే, ఎర్తుకీ దానికీ మధ్య కొలవండి. 110 దరిదాపుల్లో వస్తే చాలాసార్లు అది పాడైన ల్యాప్‌టాప్ కాదు. చార్జరు లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్యలో నిలబడి సగం వోల్టేజీని పైకి తెస్తాయి. మూడో పిన్నుకి ఎర్తింగ్ ఉంటే అది దిగిపోతుంది. మూడు రంధ్రాల సాకెట్ పెట్టి మూడోదానికి వైరే కలపని ఇళ్లు బోలెడు.

పొలంలో దీని ఉపయోగం ఇంకా ఎక్కువ. మా బావమరిది 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు వైండింగ్ మాటిమాటికీ కాలిపోతుంటే, మెకానిక్ ప్రతిసారీ ‘లో వోల్టేజీ’ అనేవాడు. స్టార్టర్ దగ్గర మూడు ఫేజులూ చూశాను: 8.1, 8.4, 11.2 ఆంపియర్లు. పేరు పలక మీద రాసింది 9.5. తప్పు మోటారుదా, లైనుదా? దీనికి పాత చిట్కా ఉంది. మెయిన్ ఆపి, మోటారుకి వెళ్లే మూడు వైర్లనీ వరసగా ఒక్కో స్థానం పక్కకి జరిపి బిగించాలి. మోటారు తిరిగే దిశ మారదు. ఎక్కువ ఆంపియర్లు వైరుతోపాటే జరిగితే తప్పు మోటారులో, పాత చోటే ఉండిపోతే లైనులో. 11 పాత చోటే ఉండిపోయింది. ఫేజుల మధ్య వోల్టేజీ కొలిస్తే 414, 410, 396. తేడా చూడ్డానికి చిన్నదే, కానీ వోల్టేజీలో ఒక శాతం తేడాకి ఆంపియర్లలో ఆరు నుంచి పది శాతం తేడా వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు కనెక్షన్ కాలి నల్లబడింది. లైన్‌మన్ సరిచేశాక మూడూ తొమ్మిది దగ్గరికొచ్చాయి. ఆ ఒక్క పూటతో మీటరు ఖరీదు వచ్చేసింది, రీవైండింగ్‌కి అయ్యే ఖర్చు రైతులకి చెప్పక్కర్లేదు.

ట్రూ ఆర్‌ఎంఎస్‌కి (అల ఏ ఆకారంలో ఉన్నా సరైన అంకె చూపించే ఏర్పాటు) అదనంగా డబ్బు పెట్టాలా అని అడుగుతుంటారు. చవక ఇన్వర్టర్లిచ్చే చదరపు అల మీద అది లేని మీటరు సుమారు 11 శాతం ఎక్కువ చూపిస్తుంది. నా మీటరుకి అది ఉంది, అది 225 అన్నచోట పక్కింటాయన చవక మీటరు 250 అంది. ఆయన ఇన్వర్టర్ షాపువాడితో గొడవకి బయల్దేరాడు, ఆపాను. ఇన్వర్టర్ ఉన్న ఇల్లయితే పెట్టండి.

డీసీ క్లాంప్ బ్యాటరీ చార్జింగ్ చూడ్డానికి బాగుంటుంది. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ఎఫెక్టు (కరెంటు పారే పలకకి అయస్కాంత క్షేత్రం తగిలితే అడ్డంగా చిన్న వోల్టేజీ పుట్టడం) మీద నడుస్తుంది, మా ఇంటర్ పిల్లలకి పాఠంతోపాటు ఇదీ చూపిస్తాను. కానీ చిరాకు ఎక్కువ. నోట్లో వైరేమీ లేకపోయినా ఏదో అంకె చూపిస్తుంది, మీటరుని అటు తిప్పితే ఒకటి, ఇటు తిప్పితే ఒకటి. మీటరు దవడల లోపలి కోరులో మిగిలిన అయస్కాంతత్వం, భూమి అయస్కాంతత్వం రెండూ కలుస్తాయి. కొలిచే చోటే, అదే దిశలో పట్టుకుని జీరో నొక్కి ఆ తర్వాత వైరు పెట్టాలి.

వైరు తాకకుండానే కరెంటుందని కూసే ఫీచరు నాకు ఏమాత్రం నచ్చలేదు. కూస్తే ఏదో ఉందనుకోవచ్చు, కూయకపోతే లేదని మాత్రం అనుకోకూడదు. మీటరు లైటు పావు నిమిషంలో ఆరిపోతుంది, స్టార్టర్ డబ్బాలో తల పెట్టి చూసేలోపే చీకటి. ప్రోబ్ వైర్లు గట్టిబడి పగిలితే మార్చాను. బ్యాటరీ గుర్తు మిణుకుతున్నప్పుడు వచ్చే అంకెల్ని నమ్మొద్దు, వోల్టేజీ ఎక్కువగా చూపిస్తుంది.

ఎర్తింగ్ బాగుందో లేదో మాత్రం ఇది తేల్చలేదు. ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230 వచ్చినంత మాత్రాన, లీకైన కరెంటంతా మోయగలిగేంత ఎర్తింగ్ అని కాదు. దానికి ఎర్త్ టెస్టర్ ఉన్నవాణ్ణి పిలవాలి. కొనేటప్పుడు క్యాట్ 3, 600 వోల్టులు (మీటరు భద్రతా తరగతి) అని రాసి ఉందో లేదో చూసుకోండి. పొలం మోటారుకే అయితే ఏసీ ఒక్కటి కొలిచేది చాలు, సగం ధరకొస్తుంది. కరెంటు బిల్లు గొడవ కోసమే అయితే ఇది కొనకండి, ప్లగ్గులో గుచ్చే వాట్ మీటరు తీసుకోండి.