మాస్టర్‌పీస్ బొమ్మలకి రంగు వేయించుకునేవాళ్లు జాగ్రత్త

ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మ (భాగాలు తిప్పితే రోబో కాస్తా వాహనంగా మారేది) ఇచ్చి కస్టమ్ పెయింట్ చేయించుకుందామని చూస్తున్నవాళ్లు డబ్బు పంపే ముందు ఇది చదవండి. ఫోటోలు చూసి ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి. వాళ్లు ఇంతకుముందు రంగు వేసిన బొమ్మని రోబో నుంచి ట్రక్‌గా, మళ్లీ ట్రక్ నుంచి రోబోగా మార్చే వీడియో ఎక్కడా కట్ లేకుండా చూపించమనండి. అది లేదంటే అక్కడితో ఆపేయండి.

నేను ఇచ్చింది ఎంపీ-10 ఆప్టిమస్ ప్రైమ్, జపాన్ బొమ్మల కంపెనీ టకారా టోమీ మాస్టర్‌పీస్ అనే ఖరీదైన సిరీస్‌లో 2011లో తెచ్చిన బొమ్మ. యుద్ధం చేసొచ్చినట్టు గీతలు, మసి, అంచుల్లో ఇనుము బయటపడ్డట్టు కావాలన్నాను. అన్ని జాయింట్లూ విప్పి వేస్తానని ఆ పెయింటర్ మాటిచ్చాడు. పార్సిల్ వచ్చాక షెల్ఫ్‌లో నిలబెడితే నిజంగానే అదిరిపోయింది, పొగ గొట్టాల మీద మసి అయితే చాలా బాగా కుదిరింది.

ట్రక్‌గా మారుద్దామని చెయ్యి తిప్పితే భుజం కదల్లేదు. మెల్లగా ఇంకాస్త తిప్పేసరికి ఎర్ర రంగు పొరలు పొరలుగా లేచొచ్చి, కింద అసలు ప్లాస్టిక్ కనపడింది. అంటే ఏమీ విప్పకుండా పైపైన స్ప్రే కొట్టేశాడన్నమాట. ఈ బొమ్మల్లో భాగాల మధ్య సందు చాలా తక్కువ, అడుగున వేసే ప్రైమర్, రంగు, పైన వేసే టాప్‌కోట్ అన్నీ కలిసి అక్కడ మందం పెరిగితే రాపిడికి ఊడిపోక తప్పదు. పని తెలిసినవాళ్లు ఒరుసుకునే చోట ముందే కాస్త అరగదీస్తారు, లేదా టేప్ వేసి రంగు పడకుండా వదిలేస్తారు. కొన్ని కీళ్లకి వాడే పీఓఎం అనే జారుడు ప్లాస్టిక్ మీదైతే మామూలు రంగు అసలు పట్టదు.

అంతకన్నా బాధపెట్టింది మోకాలు. కీలుని పట్టి ఉంచే పిన్ చుట్టూ వెంట్రుకంత సన్నటి చీలిక, దాని నిండా నల్లరంగు. మసి కనపడాలని ఎనామెల్ వాష్, అంటే థిన్నర్‌తో పల్చగా చేసిన ఎనామెల్ రంగు, పారించినట్టున్నాడు. పిన్ వల్ల బిగువు మీదున్న ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌లోకి ఆ థిన్నర్ దిగితే అది పెళుసై చిట్లుతుంది, గండమ్ కిట్లు (విడి భాగాలు కలిపి కట్టే రోబో బొమ్మలు) కట్టేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఛాతీ మీద అద్దాలు లోపలివైపు తెల్లగా మసకబారాయి, సూపర్ గ్లూ ఆవిరి తగిలితే సరిగ్గా ఇలాగే అవుతుంది. అంటే లోపల ఏదో విరగ్గొట్టి, చెప్పకుండా అతికించాడనే నా అనుమానం. అడిగితే "డిస్‌ప్లే పీస్ కదా, ఎందుకు కదిపారు?" అన్నాడు. అసలు మారడానికే పుట్టిన బొమ్మని కదపకపోతే ఎలా? తర్వాత నన్ను బ్లాక్ చేశాడు.

కాబట్టి ఎవరికైనా ఇచ్చే ముందు పిన్నులు ఎలా తీస్తారో అడగండి. చాలా పిన్నులకి ఒక కొన దగ్గర గాట్లుంటాయి, నున్నటి కొన వైపు నుంచి కొట్టి గాట్ల కొన బయటికొచ్చేలా తీయాలి. తిరగేసి కొడితే గాట్లు రంధ్రం పొడవునా గీసుకుంటూ పోయి కీలు వదులైపోతుంది. ఈ ప్రశ్నకి తడబడేవాడి చేతిలో ఖరీదైన బొమ్మ పెట్టకండి. పంపే ముందు ప్రతి కీలునీ కదుపుతూ వీడియో తీసి ఉంచుకోండి, రేపు గొడవైతే అదే ఆధారం.

పాడైతే ఇంకోటి కొనుక్కోవడం మన దగ్గర తేలిక కాదు. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. విడి పార్టు కావాలంటే ఇంకో పాత బొమ్మ వెతికి కొని విప్పుకోవాల్సిందే.

ఇప్పటికే ఇలా ఇరుక్కున్నవాళ్లు కంగారులో నెయిల్ పాలిష్ రిమూవర్ పొయ్యకండి, అందులో అసిటోన్ ఉంటే ఏబీఎస్ కరిగిపోతుంది. అక్రిలిక్ రంగైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో చాలావరకు వస్తుంది. ముందు కనపడని చోట చూసుకోండి, అద్దాల భాగాలు తీసి పక్కన పెట్టండి, ఫ్యాక్టరీలో వేసిన ఆటోబాట్ (ఆప్టిమస్ ప్రైమ్ జట్టు) గుర్తు కూడా దాంతోపాటు పోవచ్చు. బిగుసుకున్న కీలుని మాత్రం బలవంతంగా తిప్పకండి, రంగు మొత్తం వదిలాకే కదపండి.