నిన్న చేయని పనిని యాప్ ఏం చేస్తుందో చూసి ఎంచుకోండి

ఒకప్పుడు నా ఫోన్‌లో పనుల జాబితా రాసుకునే యాప్‌లే నాలుగు ఉండేవి. ఒకదాంట్లో ఆఫీసు పనులు, ఇంకోదాంట్లో ఇంటివి, మూడోది ఎవరో బాగుందంటే వేసుకున్నది, నాలుగోది ఎందుకు వేసుకున్నానో నాకే గుర్తులేదు. పనులు మాత్రం ఎక్కడివక్కడే. కొత్త యాప్ దించుకున్న ప్రతిసారీ ఒక పూటంతా కూర్చుని ఫోల్డర్లు చేసి, రంగులు పెట్టి, లేబుళ్లు తగిలించేవాణ్ణి, అది అయ్యేసరికి ఏదో పెద్ద పని పూర్తి చేసినంత తృప్తి, రెండు వారాలకి మళ్ళీ పాత కథే. ఈ తిప్పలన్నీ పడ్డాక నాకు అర్థమైంది ఏంటంటే, ఫీచర్ల పట్టికలు పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం దండగ. నిన్న మీరు చేయకుండా వదిలేసిన పనిని ఈరోజు పొద్దున ఆ యాప్ మీ ముందు ఎలా పెడుతుందో అది చూడాలి. మనం యాప్ మానేసేది సరిగ్గా అక్కడే.

టుడూయిస్ట్ తీసుకోండి. 2007 నుంచి ఉన్న యాప్, బాగా నలిగింది. గడువు దాటిన పనులన్నిటినీ ఈరోజు జాబితాకి పైన, ఎర్ర తేదీలతో విడిగా పేర్చి పెడుతుంది. అన్నిటినీ ఒకేసారి వేరే రోజుకి జరపడానికి ఒక బటన్ కూడా ఉంటుంది. కొందరికి ఆ ఎరుపు చూస్తే పని చేయబుద్ధవుతుంది, కొందరికి యాప్ మూసేయబుద్ధవుతుంది. మైక్రోసాఫ్ట్ టు డూ స్వభావం దీనికి పూర్తిగా ఎదురు. అందులో 'మై డే' అనే జాబితా ఉంటుంది, అర్ధరాత్రి దాటితే అది ఖాళీ అయిపోతుంది. నిన్న మిగిలినవి ఎక్కడికీ పోవు, వాటి అసలు జాబితాల్లోనే ఉంటాయి, సూచనల్లో కనిపిస్తాయి, కావాలంటే మళ్ళీ తెచ్చుకోవచ్చు. రోజూ పొద్దున తెల్ల కాగితం చేతికిచ్చినట్టు ఉంటుంది. అయితే మీరు తెచ్చుకోకపోతే మాత్రం ఆ పని అలా అడుగున నెలల తరబడి నిద్రపోతుంది, అదొక్కటి గుర్తుపెట్టుకోండి.

థింగ్స్ అనే యాప్ ఇంకో దారి పట్టింది, నాకు బాగా నచ్చిన దారి. పని ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది ఒక తేదీ, ఎప్పటిలోగా అయిపోవాలి అన్నది వేరే తేదీ. మొదలుపెట్టాల్సిన రోజు దాటినా గోల చేయదు, ఈరోజు జాబితాలో మెదలకుండా కూర్చుంటుంది. అసలు గడువు ఉంటేనే హెచ్చరిస్తుంది. కానీ ఆపిల్ పరికరాల్లో తప్ప పనిచేయదు, ఐఫోన్‌కి, ఐప్యాడ్‌కి, మ్యాక్‌కి వేరువేరుగా కొనాలి (నెల నెలా చందా లేదు, అదొక ఊరట), జాబితాని ఇంకొకరితో పంచుకునే వీలు కూడా లేదు. ఇంట్లో ఇద్దరూ కలిసి చూసుకోవాల్సిన జాబితా అయితే దాని జోలికి వెళ్ళకండి.

గూగుల్ టాస్క్స్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దాని గొప్ప. లేబుళ్లు లేవు, కింద ఉపపనులు కూడా ఒక్క మెట్టు వరకే. మీ రోజంతా జీమెయిల్‌లో, క్యాలెండర్‌లో గడుస్తుంటే మాత్రం మీ పనులు వాటి పక్కనే కనిపిస్తాయి కాబట్టి ఇది చాలు.

రెండో పరీక్ష: పని రాయడానికి ఎన్నిసార్లు నొక్కాలి? నవ్వకండి, లెక్కపెట్టండి. ఎవరితోనో మాట్లాడుతూ "సరే, పంపిస్తాను" అన్నాక ఫోన్ తీసి ఆ ఒక్క ముక్క రాసుకోవడానికి ఐదారుసార్లు నొక్కాల్సి వస్తే, మూడో రోజు నుంచి రాయరు. హోమ్ స్క్రీన్ మీద విడ్జెట్ పెట్టుకుంటే ఒక్క నొక్కుతో పోతుంది. ఈ విషయంలో టుడూయిస్ట్ చురుకైనది, వాక్యంలోనే తేదీ రాస్తే అదే పట్టుకుంటుంది. తెలుగులో రాసేవాళ్ళకి మాత్రం ఒక చిక్కు. "రేపు ఉదయం 9 గంటలకి బిల్లు కట్టాలి" అని రాస్తే ఆ "రేపు" దానికి తేదీ కాదు, పని పేరులో ఒక మాట, అంతే. పని తెలుగులో రాసి చివర తేదీ ఒక్కటీ ఇంగ్లిష్‌లో కొట్టాలి. నాకిప్పుడు అలవాటైపోయింది, నా జాబితా చూసినవాళ్ళు మాత్రం ఇదేం భాష అని అడుగుతారు.

మళ్ళీ మళ్ళీ వచ్చే పనుల దగ్గర ఎవరూ పట్టించుకోని తేడా ఒకటి ఉంది. నీళ్ళ ఫిల్టర్ 3 నెలలకోసారి శుభ్రం చేయాలనుకోండి. ఈసారి 3 వారాలు ఆలస్యంగా చేశారు. తర్వాతి తేదీ పాత గడువు నుంచి లెక్కపెట్టాలా, మీరు నిజంగా చేసిన రోజు నుంచా? అద్దెకి, బిల్లులకి మొదటిది సరైనది, ఫిల్టర్‌కి రెండోది. టుడూయిస్ట్‌లో ఇంగ్లిష్‌లో 'ఎవ్రీ' అని రాస్తే మొదటి లెక్క, దాని పక్కనే ఆశ్చర్యార్థకం పెడితే రెండో లెక్క. ఒక్క గుర్తుతో ఇంత తేడా. టిక్‌టిక్ అనే ఇంకో పనుల యాప్‌లోనూ థింగ్స్‌లోనూ పని ముగిసిన రోజు నుంచి లెక్కపెట్టే ఏర్పాటు ఉంది. మీరు చూస్తున్న యాప్‌లో ఇది లేకపోతే ఇంటి పనులకి అది పనికిరాదు అనే అంటాను.

రిమైండర్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఒకసారి నాకు ముఖ్యమైన రిమైండర్ 2 గంటలు ఆలస్యంగా మోగింది, యాప్‌ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను, తీరా చూస్తే ఫోన్‌లో బ్యాటరీ ఆదా చేసే సెట్టింగ్ ఆ యాప్‌ని వెనకాల పడుకోబెట్టేసింది. ఆండ్రాయిడ్ వాడేవాళ్ళు ఏ యాప్ వేసుకున్నా ముందు బ్యాటరీ సెట్టింగ్స్‌లో దానికి మినహాయింపు ఇవ్వండి.

నలుగురు కలిసి చేసే పని అయితే వేరే లెక్క. ట్రెల్లో అనే యాప్‌లో ఒక్కో పనీ ఒక కార్డు, పని సాగేకొద్దీ ఆ కార్డులు ఒక వరుస నుంచి ఇంకో వరుసకి జరుగుతాయి, ఏ పని ఎవరి దగ్గర ఆగిందో చూడగానే తెలుస్తుంది. ఒక్కరి పనులకి అది ఎక్కువ, పాలు తేవడం అనే పనికి మూడు దశలెందుకు? నోషన్ అనే యాప్‌లో నోట్సు, పట్టికలు, జాబితాలు ఏదైనా మనకి కావాల్సినట్టు కట్టుకోవచ్చు, ప్రమాదం కూడా అదే, నాలాంటివాళ్ళు కడుతూనే ఉంటారు.

ఇంకో మాట, బయటికి వెళ్ళే దారి ఎక్కడుందో ముందే చూసుకోండి. వండర్‌లిస్ట్ ఎంత పేరున్న యాప్! 2015లో మైక్రోసాఫ్ట్ కొనేసింది, 2020 మే 6న మూసేసింది. అప్పుడు జాబితాలని టు డూలోకి మార్చుకునే వీలిచ్చారు కాబట్టి సరిపోయింది. నేను వాడిన ఒక చిన్న యాప్ అయితే ఫోన్ అప్‌డేట్ అయ్యాక తెరుచుకోవడమే మానేసింది, ఎగుమతి చేసుకునే బటన్ అందులో అసలు లేనే లేదు. జ్ఞాపకం ఉన్నవి కాగితం మీద రాస్తే సగం కూడా రాలేదు. విచిత్రం ఏంటంటే, గుర్తురాని ఆ మిగతా సగం గురించి ఇప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు.

చివరికి నేను టుడూయిస్ట్ దగ్గరే ఆగాను. ఉచిత ఖాతాలో ప్రాజెక్టులు ఐదుకి మించి పెట్టుకోనివ్వదు, నాకు అదే మేలు చేసింది. అయితే తేల్చుకునే ముందు నేను చేసినట్టు ఒకసారి చేసి చూడండి: నిజం పనులు ఓ పది రాసి, రెండు రోజులు కావాలనే యాప్ తెరవకండి. మూడో రోజు తెరిచినప్పుడు మీ మొహం ఎలా ఉంటుందో అదే మీ రివ్యూ. మొదటిసారి నాకు తొమ్మిది ఎర్ర గీతలు కనిపించాయి, మూసేద్దామనిపించింది. ఒక్కొక్కటీ చూస్తే ఏడింటికి అసలు గడువే లేదు, ఊరికే ఉత్సాహంలో నేను తగిలించిన తేదీలవి. వాటిని తీసేసి ఇంకోసారి అదే పరీక్ష పెట్టాను. ఈసారి రెండే మిగిలాయి, ఒకటి కరెంటు బిల్లు, ఇంకోటి ఆ ఫిల్టర్.