వాకింగ్ ఫుట్ బిగించాక మా ఇంట్లో బొంతలు ముందుకు కదిలాయి

మిషన్ మీద బొంత కుట్టేవాళ్లను ఏడిపించేది గుడ్డ జరుగుడే. అడుగునున్న పళ్లు కింది గుడ్డను లాక్కుపోతుంటాయి. పై గుడ్డను మాత్రం మామూలు పాదం అదిమి పట్టి ఉంచుతుంది. ఈ కొస నుంచి ఆ కొసకు చేరేసరికి పై చీర రెండు వేళ్ల మేర ఎక్కువై చివర మడత పడుతుంది. విప్పి మళ్లీ కుడితే మళ్లీ అంతే. మా ఇంట్లో ఏళ్ల తరబడి సగంలో ఆగిపోయిన బొంతలన్నీ ఆ మడత దగ్గర ఆగినవే.

వాకింగ్ ఫుట్ అంటే మామూలు పాదం బదులు మిషన్‌కు బిగించే ఇంకో రకం పాదం. దీనికి పైన కూడా పళ్లుంటాయి. దానికున్న చీలిక చేయి సూదిని బిగించే మర మీద కూర్చుంటుంది. సూదితో పాటు అదీ లేస్తూ దిగుతూ పైపళ్లను నడిపిస్తుంది. అందుకే పై గుడ్డ, నడుమ గుడ్డ, అడుగు గుడ్డ మూడూ సమానంగా సాగుతాయి. మొదటి వరుస చివరిదాకా కుట్టి తిప్పి చూసుకున్నప్పుడు అడుగున ఒక్క ముడత కూడా లేదు. ఆ రోజు కలిగిన ఆనందం ఇన్నేళ్లయినా తగ్గలేదు.

మాది కర్నూలు. ఎండాకాలం మిద్దె మీద పరుచుకోవడానికైనా, డిసెంబరు చలికి కప్పుకోవడానికైనా ఇంట్లో బొంత ఉండాల్సిందే. ఇప్పుడు నా చేతిలో మూడున్నాయి. అమ్మ నూలు చీరలతో పెద్ద బొంత ఒకటి, దాని అడుగుకు ఎమ్మిగనూరు చేనేత దుప్పటి వేశాను. 1938లో మాచాని సోమప్ప గారు మొదలుపెట్టిన సంఘం నేసిన దుప్పటి అది, అమ్మ దాచుకున్నది. కోడలి పురిటి కోసం పసిబిడ్డ బొంత ఇంకొకటి. పిల్లల పాత జీన్సు ప్యాంట్లతో కుడుతున్నది మూడోది. నడుమ పొరకు అన్నింటికీ ఉతికి ఉతికి మెత్తబడిన పంచెలే వేస్తాను. దూది ఏకించి పరిస్తే ఉతికినప్పుడల్లా ఒక మూలకు చేరుతుంది, వరుసలు బాగా దగ్గరగా కుడితే తప్ప నిలవదు.

ఈ పాదంతో ఊహించని లాభం ఒకటి కలిసొచ్చింది. దీన్ని బిగించడం, విప్పడం విసుగు పని. పాదం మర తీయాలి, చీలిక చేయిని సరిగ్గా కూర్చోబెట్టాలి, సూదిని చేత్తో ఒకసారి దింపి చూసుకోవాలి. చిన్న ముక్కలు అతకడానికి మామూలు పాదమే మేలు. అందుకని ఒక బొంత పూర్తయ్యాకే ఇంకోటి పట్టాలన్న పద్ధతి వదిలేశాను. మామూలు పాదం ఉన్నన్నాళ్లు మూడింటి ముక్కలూ అతుకుతాను. పరిచి, కచ్చా కుట్టు వేసి, మడిచి పెడతాను. వాకింగ్ ఫుట్ ఎక్కించాక మూడింటి వరుసలూ లాగిస్తాను. వంట మధ్యలో అరగంట దొరికినా రెండు వరుసలు పడతాయి. పొరలు జరగవు కాబట్టి ఎక్కడ ఆపినా భయం లేదు. మూడూ ఒకేసారి ముందుకు నడవడం చూస్తుంటే కుట్టబుద్ధి ఇంకా పెరుగుతుంది.

తర్వాత ఒక వేసవిలో జీన్సు బొంత మీద ఇది మొరాయించింది. కుట్లు ఉన్నట్టుండి చిన్నవైపోయి, అతుకు మందంగా ఉన్నచోట ఒకే చోట కుప్ప పడ్డాయి. సూది మార్చి 16 నంబరు వేశాను. దారం టెన్షన్ సడలించాను, నూనె వేశాను, షటిల్ తీసి దుమ్ము తుడిచాను. ఫలితం లేదు. రోజూ వినే టకటక శబ్దం కూడా మారింది, లోపల ఏదో వదులైనట్టు. ఒక మెకానిక్ మిషన్ టైమింగే, అంటే సూదీ షటిలూ కలిసే లెక్కే, పోయిందన్నాడు, డబ్బు తీసుకుని ఏదో చేశాడు, కుట్టు మాత్రం అలాగే ఉంది.

కొండారెడ్డి బురుజు వైపు కొట్టు పెట్టుకున్న ఒక పెద్దాయన మిషన్ జోలికే పోలేదు. పాదం ఉన్నదున్నట్టు ఉంచి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి చూపించాడు. "మిషన్‌కేం గాలేదమ్మా, దీని చెయ్యి అరిగిపాయ, సూడు" అన్నాడు. చూశాను. ప్లాస్టిక్ చీలిక లోపల గాడి పడింది. సూది మర పైకి లేస్తున్నా చెయ్యి సగమే లేస్తోంది, దాంతో పైపళ్లు సరిగ్గా నడవడం లేదు. ఇనుప చెయ్యి ఉన్న పాదం తెప్పించి ఇచ్చాడు. వేగంగా తోలితే ఏదైనా తొందరగా అరుగుతుందని కూడా చెప్పాడు. అప్పటినుంచి వరుసలు కుట్టేటప్పుడు మోటారు వాడను, కాలితోనే తొక్కుతాను. కుట్టు పొడవు మూడు మిల్లీమీటర్లు దాటించి పెడతాను. ఈ రెండో పాదం ఇప్పటిదాకా ఇబ్బంది పెట్టలేదు.

ఏ గుడ్డయినా కుడుతుందని మొదట్లో మా అక్కచెల్లెళ్లందరికీ చెప్పాను. నూలుకు ఆ మాట ఇప్పటికీ నిజమే. ధర్మవరం పట్టు ముక్కల మీద మాత్రం పైపళ్ల గుర్తులు పడ్డాయి, జరీ దారం లేచింది. అక్కడ పల్చటి కాగితం వేసి కుట్టాల్సి వచ్చింది. మా అత్త కుట్టేలాంటి ఆరేడు చీరల మందం బొంత దీని కింద దూరనే దూరదు. దానికి పెద్ద సూది, చెయ్యే దిక్కు. తీగలు, పువ్వులు తిప్పుతూ కుట్టాలనుకునేవాళ్లకు కూడా ఇది పనికిరాదు, వాళ్లు కింది పళ్లను కప్పేసి, గుడ్డను ఎటైనా తిప్పనిచ్చే డార్నింగ్ పాదం వాడుకోవాలి.

నాది పాత నల్ల మిషన్, పాదం బిగించే కాడ పొట్టిది, కాబట్టి ఇది సరిగ్గా కూర్చుంది. మీ మిషన్ కాడ ఎత్తు చూడకుండా కొనకండి. ఇంట్లో మూడు పొరల నూలు బొంతలు గీతలు గీతలుగా కుట్టుకునేవాళ్లయితే, నాలాగా పొద్దున కాస్త, మాపటేళ కాస్త కుట్టేవాళ్లయితే తీసుకోమనే చెబుతాను. చేయి ఇనుముదేనా అని మాత్రం కొట్లోనే పట్టి చూడండి.