కోడిపిల్లల్ని పాత కోళ్లలో కలపడం: రాత్రిపూట గూట్లోకా, జాలీ పక్కనా?

చీకటి పడ్డాక పిల్లల్ని నేరుగా గూట్లో దించేయడం తేలిక, ఖర్చూ లేదు. చీకట్లో కోళ్లకు చూపు ఆనదు కాబట్టి రాత్రి గొడవుండదు. తంటా అంతా తెల్లారాకే. గూడు తెరవడం ఆలస్యమైతే పాత పెట్టలు పిల్లను మూలకు తరిమి నెత్తిమీదే పొడుస్తాయి. నెత్తురు కనిపిస్తే మిగతావీ ఎగబడతాయి.

అందుకే జాలీయే మేలు. అరంగుళం కన్నాల ఇనుప జాలీ అడ్డం కట్టి, 10-12 వారాల పిల్లల్ని రెండు వారాలు పక్కనే ఉంచండి. దాణా గిన్నెలు జాలీకి చెరోవైపు ఆనించి పెడితే ఎదురెదురుగా తినడం అలవాటవుతుంది. కలిపాక మేత, నీళ్లు రెండు చోట్ల పెట్టండి. గుడ్ల కోళ్ల దాణాలో సున్నం ఎక్కువ, పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయి. అన్నిటికీ గ్రోయర్ దాణా (ఎదిగే పిల్లల మేత) వేసి, పెట్టలకు ఆల్చిప్పల పొడి విడిగా ఇవ్వండి.

సంతలో కొన్న పిల్లలైతే ముందు నెల రోజులు దూరంగా ఉంచాలి. కొక్కెర తెగులు లాంటి కోళ్ల అంటురోగానికి జాలీ అడ్డు కాదు.