బొటాక్స్, డిస్‌పోర్ట్: యూనిట్ల లెక్క ఒకటి కాదు

విశాఖపట్నంలో సిరిపురంలోనైనా, ఎంవీపీ కాలనీలోనైనా కనుబొమల మధ్య ముడతలకు ఇంజెక్షన్ చేయించుకోదలచినవారు, ధర కన్నా ముందు ఏ మందు (బొటాక్సా, డిస్‌పోర్టా; రెండూ కండరాన్ని సడలించే బొటులినమ్ టాక్సిన్ మందులే), ఎన్ని యూనిట్లు అని చర్మవైద్యుణ్ణి అడగాలి. ఆ ముడతలకు బొటాక్స్ ఆమోదిత మోతాదు 20 యూనిట్లు. ఐదు బిందువుల్లో నాలుగేసి చొప్పున ఇస్తారు. డిస్‌పోర్ట్ అయితే పదేసి చొప్పున 50 యూనిట్లు. దీన్నిబట్టి రెండోదానిలో మందు ఎక్కువ పడిందనుకోవడం పొరపాటు, ఎందుకంటే ఇక్కడ యూనిట్ అనేది బరువు కాదు, ఒక్కో తయారీదారు తన సొంత పరీక్షాపద్ధతితో కొలిచిన మందు ప్రభావశక్తి. అందువల్ల ఒకదాని లెక్కను హెచ్చవేసి మరొకదానికి వాడకూడదు, యూనిట్ ధరలను పక్కపక్కన పెట్టి ఏది చవకో తేల్చనూ కూడదు.

బొటాక్స్ 100 యూనిట్ల సీసాలో 2.5 మిల్లీలీటర్ల సెలైన్ కలిపితే 0.1 మిల్లీలీటరులో 4 యూనిట్లుంటాయి. ఈ కలిపే లెక్క తప్పితే మోతాదే తప్పుతుంది కనుక, సీసాను మీ ఎదుటే తెరవమని కోరడానికి మొహమాటపడవద్దు.

ఆవుపాల ప్రొటీన్ అలర్జీ ఉన్నవారికి డిస్‌పోర్ట్ పనికిరాదు. వారికి బొటాక్సే మేలు. మిగతావారికి, నా అభిప్రాయంలో, వైద్యునికి చేయి తిరిగిన మందే మంచిది.

ఏ మందైనా, ఒకసారి చేయించుకున్నాక మళ్లీ చేయించుకోవడానికి విరామం కనీసం మూడు నెలలు. గర్భిణులు, కండరాల బలహీనత జబ్బులున్నవారు ముందే చెప్పాలి. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.